చూడరాని సుందరులు

జాతీయ సుందరి పోటీని ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకున్న మొదటి ఏడాది అంతా సవ్యంగానే జరిగింది. గొడవ ఆ తరువాత వచ్చింది. ఓడిపోయిన అమ్మాయిల్లో ఒకామె తండ్రి పోటీ నడిపే మండలికి ఫిర్యాదు చేశాడు. న్యాయనిర్ణేతలు పక్షపాతం చూపించారనీ, గెలిచిన అమ్మాయి చూడడానికి బాగుంది గనక ఆమె వైపు మొగ్గారనీ ఆయన ఆరోపణ. విచారణ జరిపించారు. ఆరోపణ నిజమేనని తేలింది. ఆ అమ్మాయిని చూశామనీ, బాగుందనిపించిందనీ, అందుకే మార్కులు వేశామనీ న్యాయనిర్ణేతలు ఒప్పేసుకున్నారు.

జాతీయ సౌందర్య నిర్ధారణ మండలి పరువు పోయింది. పాత కార్యదర్శిని మత్స్యశాఖకు పంపేసి, తూనికలు కొలతల శాఖ నుంచి దండపాణి గారిని తీసుకొచ్చారు. దండపాణి గారు నిజాయితీకి పెట్టింది పేరు. ఆ శాఖలో ఉండగా సొంత బావమరిది కిరాణా కొట్లో తక్కెడ తనిఖీ చేసి కేసు రాసిన మనిషి. ఆయన కుర్చీలో కూర్చున్న రోజునే ఒక నియమం చేశారు.

"పోటీదారులను న్యాయనిర్ణేతలు చూడరాదు."

పత్రికల వాళ్ళ సమావేశంలో ఒక విలేఖరి అడిగాడు. "చూడకుండా అందం ఎలా తెలుస్తుందండీ?"

దండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్ష పేపర్లు దిద్దే పంతులు కుర్రాడి మొహం చూసి దిద్దుతాడా? చూడకుండా దిద్దితేనే న్యాయం. చదువుకు ఇచ్చే మర్యాద అందానికి ఇవ్వనక్కర్లేదా?"

విలేఖరి ఆ మాట రాసుకున్నాడు. మర్నాడు పత్రికలన్నీ ఇది గొప్ప సంస్కరణ అని రాశాయి.

ఈ సంస్కరణ సంగతి కడియంలో కుందనకు తెలిసేటప్పటికే ఆమె రైలు టిక్కెట్టు తీసుకుని ఉంది.

కుందన వాళ్ళది కడియంలో పూలమొక్కల నర్సరీ. తలమీద క్రోటన్ కుండీ పెట్టుకుని గులాబీ మడుల మధ్య గట్టుమీద నడిచి నడిచి ఆ పిల్ల నడక నేర్చుకుంది. ఆమె అలా నడుస్తుంటే మొక్కలు కొనడానికి వచ్చిన వాళ్ళు బేరం మరిచిపోయేవారు. నీళ్ళు పట్టే కూలీలు ఒకే కుండీకి నీళ్ళు పట్టి పట్టి ఆ మొక్కను కుళ్ళబెట్టేవారు. జిల్లాలో గెలిచింది. రాష్ట్రంలో గెలిచింది. జాతీయ పోటీకి వయసు పరిమితి ఆ ఏడుతో సరి. ఇప్పుడు గెలవకపోతే ఇంకెప్పుడూ లేదు.

తోడుగా పిన్ని సత్యవేణి వచ్చింది. పిన్ని ఒక సంచిలో కుందన బట్టలు, ఇంకో సంచినిండా తాపేశ్వరం కాజాలు పెట్టుకుని హైదరాబాదులో దిగింది. ఇన్ని కాజాలెందుకని కుందన అడిగితే, "ఏ రాష్ట్రం పిల్లలొస్తారో, వాళ్ళకేం తిండి అలవాటో" అన్నది ఆవిడ సమాధానం.

పోటీ జరిగే ఆడిటోరియంలో వేదిక మధ్యగా ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లటి తెర కట్టి ఉంది. తెరకు ఇవతల న్యాయనిర్ణేతలు, వాళ్ళ వెనక ప్రేక్షకులు. తెరకు అవతల పోటీదారులు. సత్యవేణి తెర అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది.

"ఇంత మందం దుప్పటి మేం చలికాలంలో కూడా కప్పుకోమండి" అంది అక్కడున్న అధికారితో. "దీని వెనకాల మా పిల్ల ఎలా నడుస్తుందో వీళ్ళకేం తెలుస్తుందండి?"

"తెలియకూడదనేనమ్మా" అన్నాడు ఆయన వినయంగా.

ఆ అధికారి పేరు గవర్రాజు. మండలిలో సెక్షన్ ఆఫీసరు. యాభై దాటిన మనిషి, ముందుకు వచ్చిన పొట్ట, దట్టమైన మీసం. పూర్వం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేవాడు. ఏవో బదిలీల్లో ఇటు వచ్చి పడ్డాడు. సొంత ఊరు తమ పక్కనే ఉన్న మండపేట అని తెలిసి సత్యవేణి ఆయనకు అక్కడికక్కడే రెండు కాజాలు ఇచ్చింది.

మొదటి అంచె నడక పోటీ. న్యాయనిర్ణేతలు ముగ్గురు. విశ్రాంత న్యాయమూర్తి పరబ్రహ్మం గారు పెద్ద. ఆయనకు కుడివైపు ఒక నాట్యాచార్యురాలు, ఎడమవైపు ఒక పళ్ళ డాక్టరు. డాక్టరు గారిని చిరునవ్వులు పరీక్షించడానికి నియమించారు. తెర వచ్చాక కూడా ఆ నియామకం రద్దు చెయ్యలేదు. ఆయన రోజూ వచ్చి తెర వంక చూసి వెళ్ళేవాడు.

పోటీదారులు తెర వెనక ఒకరి తరువాత ఒకరు నడిచారు. ఇవతలికి మడమల చప్పుడు మాత్రం వినిపించింది. మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు కళ్ళు మూసుకుని విని మార్కులు వేశారు. గట్టిగా టకటకలాడించిన అమ్మాయికి ఎక్కువ వచ్చాయి. కుందన నడక మెత్తన. ఆమె నడుస్తుండగా పరబ్రహ్మం గారు "తరువాతి అమ్మాయిని పిలవండి, ఎవరూ రావడం లేదు" అన్నారు.

సాయంత్రానికి ఫిర్యాదు వచ్చింది. మడమ ఎత్తును బట్టి మార్కులు పడ్డాయని. దండపాణి గారు అరగంటలో నిర్ణయం తీసుకున్నారు. పాదరక్షల అసమానత తొలగించడమైనది. అందరికీ ఒకే రకం రబ్బరు చెప్పులు సరఫరా చెయ్యబడును. నడక పోటీ మళ్ళీ జరిగింది. ఇవతల ఏమీ వినిపించలేదు. ఈసారి ఎవరికీ ఫిర్యాదు లేదు. దండపాణి గారు సంతోషించారు.

కుందనకు మాత్రం ఆ సాయంత్రం ఏడుపు ఆగలేదు. గెస్ట్‌హౌసులో మంచం మీద కూర్చుని రబ్బరు చెప్పుల వంక చూస్తూ, "ఇవేసుకుని మన నర్సరీలో పేడ మోస్తాం పిన్నీ" అంది.

ఆమె గదిలోనే జూరి అని అస్సాం అమ్మాయి ఉంది. ఆ పిల్లకు తెలుగు రాదు, కుందనకు హిందీ అంతంతమాత్రం. జూరి వచ్చి పక్కన కూర్చుని తన చెప్పులు కూడా చూపించి, ముక్కు చిట్లించింది. సత్యవేణి ఇద్దరి చేతుల్లోనూ కాజాలు పెట్టింది. ఏడాది నుంచి తీపి ముట్టని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నడుము" అంది కుందన అనుమానంగా.

"ఎవరు చూడొచ్చేరే నీ నడుము?" అంది పిన్ని.

అది నిజమే గనక తిన్నారు. వాసన పట్టి పక్క గదుల వాళ్ళు వచ్చారు. అన్ని రాష్ట్రాల అమ్మాయిలూ ఆ గదిలో నేలమీద కూర్చుని, పాకం కారుతుంటే వేళ్ళు నాకుతూ, ఎవరెవరు ఎన్నాళ్ళు ఎలా పస్తులున్నారో చెప్పుకున్నారు. పొద్దున్న ఒకరినొకరు ఓరగా చూసుకున్న వాళ్ళే.

రెండో అంచె నిలబడడం. తెర వెనక ఒక్కొక్కరూ కాసేపు నిలబడాలి, ఇవతల న్యాయనిర్ణేతలు ఆ నిలకడను అంచనా వెయ్యాలి. కుందన అలవాటు కొద్దీ జడలో మల్లెపూలు పెట్టుకు వెళ్ళింది. ఆమె వంతు రాగానే నాట్యాచార్యురాలు గట్టిగా గాలి పీల్చి, "ఆహా, గోదావరి ప్రాంతం" అంది.

దండపాణి గారు కుర్చీలోంచి లేచారు. పోటీ ఆగిపోయింది. అధికారులు తెర వెనక్కి వచ్చి ఒక్కొక్క అమ్మాయినీ వాసన చూశారు. ఒకరి దగ్గర గంధం, ఒకరి దగ్గర అత్తరు, ఒకరి దగ్గర కొబ్బరినూనె. దండపాణి గారి ముఖం వివర్ణమైంది.

"ఇందరు ఇన్ని వాసనలతో ఉండగా నిష్పాక్షికత ఎక్కడ నిలుస్తుంది? సౌరభ సమానత్వం పాటించాలి."

"అంటే ఏంటండి?" అంది సత్యవేణి.

ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది. ప్రభుత్వ గిడ్డంగిలో అందరికీ సరిపడేంత ఉన్న సుగంధద్రవ్యం ఫినాయిలు ఒక్కటే. పోటీదారులందరూ రోజూ హాలుకు వచ్చే ముందు దాన్ని చిలకరించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పిల్లలు చిలకరించుకున్నారు. సత్యవేణి మేనకోడళ్ళ పెళ్ళికి కూడా అంతగా ఏడవలేదు.

మూడో అంచె ప్రశ్నలు. ఇక్కడ దండపాణి గారు ముందే మేలుకున్నారు. గొంతు వింటే ప్రాంతం తెలుస్తుంది, వయసు తెలుస్తుంది, ఒక్కోసారి అందం కూడా తెలిసే ప్రమాదం ఉంది. అందుకని పోటీదారులు జవాబులు చెవిలో చెబితే అందరి తరఫునా గవర్రాజు మైకులో చెప్పాలని నిర్ణయించారు. గవర్రాజు గొంతులో ఏ భావమూ పలకదని మండలి పరీక్షించి ధ్రువీకరించింది.

కుందనకు వచ్చిన ప్రశ్న, ఆమెకు ఇష్టమైన పని ఏమిటని. ఆమె గవర్రాజు చెవిలో మెల్లగా చెప్పింది. తెర ఇవతలికి ఇలా వినబడింది.

"గులాబీ కొమ్మకు అంటు కట్టి తడిగుడ్డ చుట్టడం. ఆ కొమ్మ మరికొద్ది రోజులలో చిగురించును. ఆ చిగురును ముందుగా చూచుట నాకు మిక్కిలి ఇష్టం. ప్రయాణికులు గమనించగలరు."

ఆ చివరి మాట అలవాటులో వచ్చింది. తెర వెనక అమ్మాయిలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వారు. అయ్యాక గవర్రాజు కుందన దగ్గరికి వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"పాడుచేసేనామ్మా?"

"లేదండి. చిగురు అన్న చోట కొంచెం నవ్వుతూ చెప్పుంటే బావుండునండి."

"నవ్వితే రూలు ఒప్పుకోదమ్మా. పైగా నేను నవ్వితే ఎవరు చూస్తారు? ఇన్నేళ్ళూ బస్టాండులో అద్దాల గదిలోనే ఉన్నాను. అద్దాలకు కూడా ఎవరో సినిమా పోస్టర్లు అంటించేశారు."

కుందన ఆయన వంక చూసింది. మీసం కింద పెదవులు నవ్వబోయి ఆగాయి. ఆమె కొంగున దాచుకున్న కాజా తీసి ఆయనకు ఇచ్చింది. ఫినాయిలు వాసన వేస్తున్నా ఆయన తిన్నాడు.

తుది పోటీ ముందు రోజు పరబ్రహ్మం గారు నిజాయితీగా ఒక విషయం బయటపెట్టారు. తెర వెనక మనుషులు ఊపిరి తీస్తున్నట్టు తనకు తెలుస్తోందనీ, ఆ ఊపిరి స్త్రీలదని ఊహ కలుగుతోందనీ, ఊహ పక్షపాతానికి దారి తీయవచ్చుననీ అన్నారు. దండపాణి గారు ఆయనకు నమస్కరించారు. ఆ సాయంత్రం గెస్ట్‌హౌసుకు వచ్చి అమ్మాయిలందరినీ హాల్లో నిలబెట్టి, తాను గోడవైపు తిరిగి ప్రకటించారు.

"పోటీ పవిత్రతను కాపాడే నిమిత్తం, తుది పోటీకి పోటీదారులు హాజరు కానవసరం లేదు. మీ స్థానంలో మీ నంబరు రాసిన కుర్చీలు ఉంటాయి. మీరు ఇక్కడే టీవీలో చూడవచ్చును. హాలులో ఎవరైనా కనిపించినచో అనర్హులు అగుదురు."

"మరి జవాబులు?" అంది కుందన.

"ప్రశ్న ముందుగా ఇక్కడికి పంపితే లీకేజీ అవుతుంది. గవర్రాజు గారే చెబుతారు. ఇంతవరకు ఆయన మీ తరఫున మాట్లాడారు. ఇకపై మీ తరఫున ఆలోచిస్తారు. తేడా స్వల్పం."

"ఏవండీ సెక్రటరీ గారూ" అంది సత్యవేణి. "పెళ్ళికూతురు లేకుండా పెళ్ళి చేస్తారాండి మీ ఇళ్ళల్లో?"

"ఆ అంశం మా శాఖ పరిధిలో లేదమ్మా" అని ఆయన వెళ్ళిపోయారు.

తుది పోటీ దేశమంతటా ప్రత్యక్ష ప్రసారం. గెస్ట్‌హౌసు హాల్లో టీవీ ముందు అమ్మాయిలు గుంపుగా కూర్చున్నారు. ఎవరికోసం అలంకరించుకున్నారో వాళ్ళకే తెలియదు గాని, అందరూ పట్టుచీరలు కట్టుకున్నారు. టీవీలో నల్లటి తెర కనిపిస్తోంది. పరబ్రహ్మం గారు తెరకేసి తిరిగి గంభీరంగా ప్రశ్న అడిగారు. "మీ జీవితంలో అత్యంత అందమైన క్షణం ఏది?"

మైకు ఒకసారి గరగరలాడింది. తరువాత గవర్రాజు గొంతు వచ్చింది. బస్సుల గొంతు కాదది.

"ఒకసారి బస్టాండులో కరెంటు పోయిందండి. మైకు పని చెయ్యలేదు. నేను అద్దాల గదిలోంచి బయటికొచ్చి, రాజమండ్రి బస్సు ఎక్కడుందో నోటితోనే అరిచి చెప్పేను. ఒక ముసలావిడ మూట దించి నా దగ్గరికొచ్చింది. 'నువ్వేనా నాయనా ఆ గొంతు, నేనింతకాలం పెట్టెలోంచి వస్తాదనుకున్నాను' అంది. గడ్డం పట్టుకుని నా మొహం చూసింది. చక్కగా ఉన్నావు బాబూ అంది. అంతేనండి."

నాట్యాచార్యురాలు కళ్ళు ఒత్తుకుంది. పళ్ళ డాక్టరు గారు ఆ పోటీలో మొదటిసారిగా మార్కులు వేశారు. దండపాణి గారు "తరువాతి కుర్చీ" అన్నారు.

గవర్రాజు మళ్ళీ అదే చెప్పాడు. ఆ తరువాతి కుర్చీకీ అదే. ఒక్కో రాష్ట్రం కుర్చీ వంతు వస్తోంది, అదే బస్టాండు, అదే ముసలావిడ. మధ్యలో దండపాణి గారు తెర దగ్గరికి వెళ్ళి, "వేరేది చెప్పండి" అని గుసగుసగా అన్నది మైకులో దేశమంతా విన్నది. "నాకున్నది అదొక్కటేనండి" అన్న జవాబు కూడా విన్నది.

గెస్ట్‌హౌసులో కుందన లేచి నిలబడింది.

"ఎక్కడికే?" అంది పిన్ని. "కనిపిస్తే తీసేస్తామన్నారు. నీకు మళ్ళీ ఏడు లేదు."

"తీసెయ్యడానికి ఇంకా ఏం మిగిలింది పిన్నీ? కనిపిస్తాను. ఒక్కసారి కనిపించి ఇంటికెళ్ళిపోదాం."

జూరికి మాట అర్థం కాలేదు గాని సంగతి అర్థమైంది. ఆమె కూడా లేచింది. ఆమె వెనక మిగతావాళ్ళూ, చివరికి పిన్నీ లేచారు. పట్టుచీరలతో ఆటోల్లో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని ఆడిటోరియం చేరారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టబోయి, వాళ్ళ ఒంటికి పట్టి వదలని ఫినాయిలు వాసన పీల్చి, పక్కకు తప్పుకున్నాడు. "క్లీనింగ్ వాళ్ళు వెనక గుమ్మంలోంచి వెళ్ళాలమ్మా" అని దారి చూపించాడు.

లోపల అప్పటికి ఫలితం దగ్గర చిక్కు వచ్చింది. ఒకే గొంతులో ఒకే జవాబు గనక అందరికీ సమానంగా మార్కులు వచ్చాయి. ఇంత సంపూర్ణమైన నిష్పాక్షికత తన సర్వీసులో ఎన్నడూ చూడలేదంటూ దండపాణి గారు మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాని కిరీటం ఒకటే ఉంది. ఆయన నియమావళి తెరిపించారు. మార్కులు సమానమైనచో వేదిక వద్ద స్వయముగా హాజరైన వారికి ప్రాధాన్యము ఇవ్వవలెను అని ఉంది.

"వేదిక వద్ద హాజరైన వారు ఎవరు?" అన్నారు పరబ్రహ్మం గారు.

తెర లేపారు. ఖాళీ కుర్చీల వరుస. చివర స్టూలు మీద గవర్రాజు, స్వెట్టరు వేసుకుని, మైకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను స్టాఫునండి" అన్నాడు ఆయన హడలిపోయి లేచి.

"హాజరైన వారు అని ఉంది. స్టాఫు కారాదని ఎక్కడా లేదు" అన్నారు దండపాణి గారు బాధగా. నియమం తనకు నచ్చకపోయినా పాటించడం ఆయన పద్ధతి.

"చట్టం స్పష్టంగా ఉంది" అన్నారు పరబ్రహ్మం గారు.

కిరీటం పెట్టారు. భుజం మీదుగా విజేత పట్టీ వేశారు. పట్టీ పొట్ట మీద నిలవక పక్కకు జారింది. ఇక విజేత ప్రేక్షకుల మధ్యకు చాచిన ర్యాంపు చివరిదాకా నడిచి వస్తేనే కార్యక్రమం ముగిసినట్టు. గవర్రాజు ఒక అడుగు వేశాడు. ఎదురుగా దీపాలు, కెమెరాలు, వేల కళ్ళు. ఆయన కాళ్ళు అక్కడే బిగుసుకుపోయాయి. కిరీటం కనుబొమల మీదికి దిగింది.

"నాకు అలవాటు లేదండి" అన్నాడు. "గది ఎక్కడైనా ఉంటే చెప్పండి, అక్కణ్ణించి నడుస్తాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరుసలన్నిటికీ పాకుతుండగా పక్క మెట్ల మీదుగా కుందన వేదిక ఎక్కింది.

"ఆగండి" అన్నారు దండపాణి గారు. "మీరు కనిపిస్తున్నారు. కనిపించడం అనర్హత."

"పోటీ అయిపోయిందిగా అండీ" అంది కుందన.

ఆయన నియమావళి పేజీలు తిప్పుతుండగా ఆమె గవర్రాజు దగ్గరికి వెళ్ళి కిరీటం సరిచేసింది. తన రబ్బరు చెప్పులు తీసి పక్కన పెట్టింది.

"భుజాలు వెనక్కండి. నేల చూడకండి. తలమీద మొక్కుందనుకోండి, పూలకుండీ. అది పడకూడదు. అంతే."

"ఏం మొక్కమ్మా?"

"క్రోటన్ అండి."

గవర్రాజు తల నిలబెట్టాడు. ఆయన చెయ్యి పట్టుకుని కుందన నడవడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి గట్లమీద నడిచిన నడక, మోత లేని నడక. నవ్వు ఆగిపోయింది. కెమెరా వాళ్ళు కిరీటాన్ని చూపించాలన్న సంగతి మరిచిపోయారు. ఆ ఇద్దరి వెనక జూరి, జూరి వెనక మిగతావాళ్ళూ వచ్చారు. ఫినాయిలు వాసన ముందు వరుసల మీదుగా వీచింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూల నుంచి సత్యవేణి, కుందన చీర కుచ్చిళ్ళు కనబడుతున్నాయా లేదా అని కాలి మునివేళ్ళమీద లేచి చూస్తోంది.

పరబ్రహ్మం గారు కుర్చీ అంచుకు జరిగి నోరు తెరిచి చూశారు. తరువాత దండపాణి గారి మోచెయ్యి పట్టుకుని లాగారు.

"కార్యదర్శి గారూ, ఎవరా అమ్మాయి? ఇంత చక్కని పిల్ల పోటీలో ఎందుకు పాల్గొనలేదు?"

దండపాణి గారు నియమావళిలోంచి తల ఎత్తారు. "తెలియదండి. నేను ఎప్పుడూ చూడలేదు."

ర్యాంపు చివర కుందన ఆగింది. వెలుతురులో నిలబడి, ఆ చివరి నుంచి ఈ చివరి వరకు అందరి మొహాలూ తీరిగ్గా చూసింది. వాళ్ళు కూడా చూశారు. తిరిగి వేదిక దగ్గరికి వచ్చాక ఆమె చెయ్యి వదలబోయింది. గవర్రాజు వదలలేదు. మీసం కింద నవ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. కిరీటం అంగుళం కదలలేదు.

"ఇంకో చుట్టు వెళ్దామా అమ్మా?" అన్నాడు.

"పదండి" అంది కుందన.